పండగలోనే పథ్యం ఉంది!

పండగొచ్చిందంటే చాలు... పొయ్యి మీది నుంచి నూనె మూకుడు దిగదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని 'ఇంకో రెండు వేసుకోండి' అనకుండా వదిలిపెట్టం. తీరా పండగ వెళ్లిన మర్నాడు మొదలవుతుంది అసలు కథ! ఒకరికి కడుపుబ్బరం, ఒకరికి గుండెల్లో మంట, పిల్లాడికి గొంతు నొప్పి, తాతకేమో షుగర్‌ మూడొందలు. మరి మన పెద్దవాళ్లూ పండగలు చేసుకున్నారు కదా... వాళ్లెలా తట్టుకున్నారు? ఆ కిటుకు మందుల డబ్బాలో లేదు. పండగ జరిపే తీరులోనే ఉంది. మహబూబాబాద్‌ జిల్లా గంగారం అడవి పల్లెల వైపు ఓసారి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

పాఖాల అడవిని ఆనుకుని ఉన్న మండలం గంగారం. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది వరంగల్‌ జిల్లా కొత్తగూడ మండలంలో భాగం. కోయ గూడేలు ఎక్కువ. ఈ మండలంలోని పూనుగొండ్ల పేరు చాలామంది వినే ఉంటారు. మేడారం సమ్మక్క భర్త పగిడిద్దరాజు కొలువైన ఊరు అదే. రెండేళ్లకోసారి జాతరకు ఆయన్ని పెనక వంశం పూజారులు ఇక్కడి నుంచే అడవి దారిలో కాలినడకన తీసుకెళతారు.

వినాయక చవితితో మొదలయ్యే ఇక్కడి పండగల వరస బతుకమ్మ, దసరా, దీపావళి, కార్తికం, కొత్తల పండగ, సంక్రాంతి మీదుగా జాతర దాకా సాగుతుంది. అంటే దాదాపు అయిదు నెలలు! ఇదే కాలంలో వానలు వెనకబట్టి దోమలు ముసురుకుంటాయి. ఆ వెంటనే చలి మొదలవుతుంది. పండగలూ జ్వరాలూ ఒకే నెలల్లో వచ్చే ప్రాంతమన్నమాట. అందుకే ఇక్కడ ఆరోగ్యమంటే 'రెండు కిలోలు పెరిగామే' అన్న దిగులు ఒక్కటే కాదు. ఏ నలతకు వంటింటి వైద్యం సరిపోతుంది, దేనికి ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నది తెలియకపోతే ప్రాణం మీదికే వస్తుంది.

ఆవిరి కుడుముతో మొదలు

వరసలో మొదటి పండగ చవితినే చూడండి. కుడుములు, ఉండ్రాళ్లు... రెండూ ఆవిరి మీద ఉడికేవే. నూనె చుక్క అక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో ఆ రోజు తుమ్మికూర తప్పనిసరిగా వండుతారు. ఎవరూ విత్తకుండా చేలగట్ల మీద మొలిచే ఆకుకూర అది. వానాకాలం చివర్లో దొరికే పొన్నగంటి, గునుగు కూడా ఆ కోవలోవే. పండగ పళ్లెంలో ఒక ఆకుకూర ఉంటే పీచు అందుతుంది. పీచు ముందు కడుపులోకి వెళితే తర్వాత తిన్న అన్నం, బెల్లం రక్తంలోకి చక్కెరగా చేరడం నెమ్మదిస్తుంది. కాబట్టి కూర, పప్పు ముందు తిని, తీపి చివర్లో ముట్టుకోవడం మంచి అలవాటు.

అయితే చవితి మరో పాఠం కూడా చెబుతుంది. వినాయకుడికి పెట్టే 21 రకాల పత్రిలో మాచిపత్రి, మారేడు, తులసి వరసలోనే ఉమ్మెత్త కూడా ఉంటుంది. ఉమ్మెత్త విషం. మోతాదు మించితే మతి తప్పిస్తుంది, ప్రాణం తీస్తుంది. పూజకు పనికొచ్చిందల్లా పొట్టకు పనికిరాదు. 'చెట్టు మందే కదా, ఏమవుతుందిలే' అనే ధీమా ఉన్నవారు ఈ ఒక్క ఆకును గుర్తుపెట్టుకుంటే చాలు. అడవిలో ఏరే ముష్టి గింజలు, పిల్లలు ఆడుకునే గురివింద గింజలు కూడా ఇలాంటివే. చూడముచ్చటగా ఉంటాయి, నమిలి మింగితే చంపుతాయి.

తొమ్మిది రోజులు... ఒక రోజు సెలవు

పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది రోజుల పండగకు రోజుకో నైవేద్యం. ఊరిని బట్టి కొద్దిగా తేడా ఉన్నా వరస దాదాపు ఇదే. తొలిరోజు నువ్వులు, బియ్యప్పిండి. రెండోనాడు అటుకులు, బెల్లం. మూడోనాడు ముద్దపప్పు. నాలుగోనాడు పాలు, బెల్లంతో నానబియ్యం. అయిదోనాడు అట్లు. ఏడోనాడు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. ఎనిమిదోనాడు నువ్వులు, బెల్లం, వెన్నతో ముద్దలు. తొమ్మిదోనాడు సద్దులు... పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం.

మరి ఆరోనాడు? అలిగిన బతుకమ్మ. ఆ రోజు అమ్మకు నైవేద్యమే లేదు!

ఈ పట్టికను ఒకటికి రెండుసార్లు చదవండి. తొమ్మిది రోజుల్లో నూనె మూకుడు పొయ్యెక్కేది ఒక్క వేపకాయల బతుకమ్మ నాడే. మిగిలినవన్నీ నానబెట్టినవి, ఉడికించినవి, దంచినవి. మధ్యలో ఒక రోజు కడుపుకు సెలవు. ఇక రోజూ సాయంత్రం చప్పట్లు చరుస్తూ, వంగుతూ లేస్తూ గంటల తరబడి బతుకమ్మ చుట్టూ తిరగడం సరేసరి. తిన్నది ఒంటికి పట్టకుండా ఉంటుందా? భోజనం తర్వాత 10-15 నిమిషాలు నడిచినా రక్తంలో చక్కెర అంతగా పెరగదని నేటి వైద్యులూ చెబుతున్నారు. మన అమ్మమ్మలు ఆ మాట అనలేదు, ఆడి చూపించారు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? తొమ్మిది రోజుల నైవేద్యాలూ ఉన్నాయి. వాటికి తోడు స్వీటు షాపు డబ్బాలు, మిక్చర్లు, శీతల పానీయాలు చేరాయి. అలిగిన బతుకమ్మ మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఆడాల్సిన వాళ్లు డీజే ముందు ఫోన్లు పట్టుకుని నిలబడుతున్నారు. పండగలో తిండిని ఉంచుకుని విరామాన్ని వదిలేశాం. నలత అక్కడే మొదలైంది.

కాబట్టి ఈసారి అలిగిన రోజును మళ్లీ తెచ్చుకోండి. ఏ పండగైనా సరే, రెండు రోజులు గట్టిగా తిన్నాక మూడోనాడు జొన్న అంబలి, పల్చటి మజ్జిగ, పెసరకట్టు లాంటి వాటితో సరిపెట్టండి. లంఖణం పరమౌషధం అన్న సామెత పుట్టింది ఇందుకే. షుగరు మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్‌ తీసుకునేవారు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు మాత్రం పూర్తి ఉపవాసం జోలికి వెళ్లకూడదు. మాత్ర వేసుకుని తిండి మానేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. కార్తిక సోమవారాలు ఉండేవారికీ ఇదే మాట.

పూలు కోసే ముందు...

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మకు అది లేనిదే నిండుదనం రాదు. ఎండబెట్టిన తంగేడు పూలను నీళ్లలో మరిగించి తాగితే షుగరు తగ్గుతుందని ఊళ్లలో నమ్మకం. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ గుణం కొంత కనిపించింది కూడా. మనుషుల్లో మాత్రం 'ఇంత మోతాదు, ఇన్ని రోజులు' అని తేల్చి చెప్పే స్థాయి రుజువులు లేవు. అప్పుడప్పుడూ టీకి బదులు ఓ కప్పు తాగితే తాగండి, మాత్రలు మానేసి మాత్రం కాదు. నానబెట్టిన మెంతులదీ ఇదే కథ. కొంత మేలు చేస్తాయి. కానీ మాత్రలతో కలిస్తే చక్కెర మరీ తగ్గవచ్చు, అందుకే డాక్టరుకు చెప్పి వాడుకోవాలి.

బతుకమ్మ పూలతో చెరువు నీళ్లు శుభ్రపడతాయన్న మాట కూడా వింటుంటాం. పూలు నిమజ్జనం చేశామని ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయనుకోకూడదు. తాగే నీళ్లు తెర్లేదాకా కాచి, చల్లార్చి తాగాల్సిందే.

ఇంకో జాగ్రత్త. తెల్లవారుజామున గునుగు, తంగేడు కోసం పొదల్లో చెయ్యి పెడతారు పిల్లలు. పాములు తిరిగే కాలమది. కాళ్లకు చెప్పులు, చేతిలో కర్ర, ఓ టార్చిలైటు తప్పనిసరి. పొరపాటున కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం... ఇవేవీ చేయకండి. కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి, ధైర్యం చెప్పి, 108కు ఫోన్‌ చేయండి. పాము విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే సూదిమందు ఒక్కటే. చాలా పాముకాట్లలో విషం ఎక్కదు. పసరు తాగి బతికామనుకునే వారిలో ఎక్కువ మంది అలా బతికినవారే. విషం ఎక్కినవారికి పసరు పనిచేయదు, ఆలోగా విలువైన గంట పోతుంది.

దసరా నాటి దావత్‌

బతుకమ్మ ఆడవాళ్ల పండగైతే దసరా మొత్తం ఊరి పండగ. జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లొచ్చి, ఆకు చేతిలో పెట్టి అలాయ్‌ బలాయ్‌ తీసుకున్నాక యాటకూర, గారెలు, ఆపైన సీసాలు. ఏడాదికోసారి వచ్చే సంబరం, వద్దనడానికి మనమెవరం! కాకపోతే నాలుగు సంగతులు చూసుకుంటే మర్నాడు మంచం పట్టే పని ఉండదు.

మాంసం కూర మధ్యాహ్నం తినండి, అర్ధరాత్రి కాదు. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య కనీసం రెండు గంటలైనా ఉండాలి. తినగానే పడుకుంటే ఆమ్లం గొంతులోకి ఎగదన్నుతుంది, గుండెల్లో మంటకు అదే కారణం. కూరలో అల్లం, వెల్లుల్లి, ధనియాలు పడతాయి కాబట్టి మసాలా పొడులు గుప్పించనక్కర్లేదు. గారెలు వేసిన నూనెనే మర్నాడు మళ్లీ కాచి, ఎల్లుండి మళ్లీ కాచి వాడటం మానండి. రంగు మారి, చిక్కబడి, పొగలు కక్కుతున్న నూనెను పారబోయడమే మేలు.

ఇక కల్లు సంగతి. ఈతచెట్టు, తాటిచెట్టు నుంచి దించింది కాబట్టి ప్రకృతి పానీయమే, ఒంటికి చలవ అంటారు. చెట్టు నుంచి దించిన కల్లు పులిసే కొద్దీ అందులో ఆల్కహాలు పెరుగుతూ పోతుంది. చెట్టు దగ్గర దించింది వేరు, దుకాణంలో సీసాలో దొరికేది వేరు. నిద్రమాత్రల్లో వాడే ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు ఎందరినో ఆసుపత్రుల పాలు చేసింది. 2025 జులైలో హైదరాబాద్‌ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బీపీ, షుగరు మాత్రలు వాడేవారు 'పండగే కదా' అని ఆ పూట మాత్ర మానేసి గ్లాసు ఎత్తడం మరీ ప్రమాదం.

ఇక్కడే చెప్పుకోవాల్సిన అసలు మాట ఒకటుంది. కడుపునిండా తిన్నాక ఛాతీలో బరువు, మంట అనిపిస్తే 'గ్యాస్‌' అని సోడా తాగి, వాము నమిలి పడుకునేవారు ఎందరో. కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పోసినా, నొప్పి ఎడమచేతికీ దవడకూ పాకినా, ఊపిరి అందకపోయినా అది గ్యాస్‌ కాదు. గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవారిలో, ఆడవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, నీరసంతోనూ గుండెపోటు రావచ్చు. సోడా సీసా పక్కన పెట్టి, ఆసుపత్రికి బయల్దేరాల్సిన సమయమది.

ఉసిరి నీడ... సకినంలో వాము

కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు. చెట్టు నీడలో కూర్చుని తినడమే కాదు, ఆ కాయనూ పళ్లెంలోకి తెచ్చుకోవాలి. ఉసిరిలో విటమిన్‌-సి నారింజ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఉప్పు దట్టించిన పచ్చడి కన్నా పచ్చి కాయ రోజుకొకటి నమలడం, పప్పులో వేయడం మేలు. ఉసిరి, కరక్కాయ, తానికాయ... ఈ మూడూ కలిస్తేనే ఆయుర్వేదంలో త్రిఫల చూర్ణం. మూడూ మన అడవి చెట్ల కాయలే. పండగ తిండితో మలబద్ధకం చేసినవారు రాత్రి పూట అరచెంచా త్రిఫల చూర్ణం గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు రోజులు తీసుకోవచ్చు. నెలల తరబడి అక్కర్లేదు. గర్భిణులు తీసుకోకూడదు.

గూడేల్లో జరుపుకొనే కొత్తల పండగలో ఓ కట్టుబాటుంది. కొత్త పంట ఇంటికొచ్చినా దేవుళ్లకూ పెద్దలకూ పెట్టందే నోట్లో వేసుకోరు. చేతికి అందింది కదా అని ఎగబడకుండా, సమయం వచ్చేదాకా ఆగడం ఆ పండగ నేర్పే క్రమశిక్షణ. ఇరవై నాలుగు గంటలూ ఫ్రిజ్‌ తలుపు తెరుచుకునే మన ఇళ్లకు ఇది బాగా పనికొచ్చే పాఠం.

సంక్రాంతి అనగానే ఓరుగల్లు, కరీంనగర్‌ ఇళ్లలో సకినాలు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చేత్తో చుట్లు చుట్లుగా అల్లి, నూనెలో కాలుస్తారు. అందులో వామే ఎందుకు? నూనెలో వేగిన పిండి తొందరగా అరగదు. వాము ఉబ్బరాన్ని తగ్గిస్తుంది. అందులోని థైమాల్‌ అనే పదార్థమే దాని ఘాటుకు కారణం. మందును వంటలోనే కలిపి పెట్టారన్నమాట! అరిసెలో నువ్వులు, పొంగలిలో మిరియాలు, పులిహోరలో ఇంగువ... అన్నిటిదీ ఒకటే సూత్రం. అయితే వాము వేశామని పది సకినాలు లాగించేస్తే వాము మాత్రం ఏం చేస్తుంది పాపం!

బెల్లం గురించీ ఓ మాట. 'చక్కెర కాదు కదా, బెల్లమేగా' అని షుగరు ఉన్నవాళ్లు రెండు అరిసెలు ఎక్కువే తింటారు. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలున్న మాట నిజమే. కానీ అందులో అత్యధిక భాగం చక్కెరే. తేనె సంగతీ అంతే. రోజుకు విడిగా కలుపుకునే తీపి 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు మించకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ లెక్కలో బెల్లం, తేనె రెండూ వస్తాయి.

మేడారం దారిలో

మాఘ పౌర్ణమికి మేడారం. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు, కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరతారు. నాలుగు రోజుల జాతరకు కోటి మందికి పైగా వస్తారని అధికారుల అంచనా. పూనుగొండ్ల నుంచి వెళ్లేవారు అడవిలో నడిచి, దారిలో ఓ రాత్రి బస చేసి వెళతారు.

కోటి మంది ఒక్క చోట చేరితే మొదట పరీక్ష నీళ్లకే. జంపన్నవాగులో మునగండి, కానీ ఆ నీళ్లు తాగకండి, పిల్లల నోట్లో పోయకండి. వెంట కాచిన నీళ్ల సీసా, అయిపోతే క్లోరిన్‌ కలిపిన కుళాయి నీళ్లు. వండిన కోడికూర పొద్దుటిది సాయంత్రానికి దాచకుండా వేడివేడిగా తినేయండి. సత్తుపిండి, అటుకులు, పల్లీలు, మలీద లాంటి పొడి తిండి వెంట ఉంటే నడకలో పాడవదు, బలాన్నిస్తుంది. మన పెద్దలు జాతర మూటలో కట్టుకున్నదీ ఇవే.

విరేచనాలు పట్టుకుంటే మొదటి మందు నీళ్లే. ఓఆర్‌ఎస్‌ పొట్లం ఒకటి లీటరు కాచిన నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కొలిచి కలపండి. చెంచా తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. గంజి, పల్చటి మజ్జిగ కూడా మంచివే. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు.

ఇక నిలువెత్తు 'బంగారం' తూకం వేయించి, ప్రసాదం ఊరంతా పంచుతారు. షుగరున్న వారు చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటే అమ్మ ఏమీ అనుకోదు!

పసరు ఎక్కడ ఆగాలి?

అడవి మందును తీసిపారేయనక్కర్లేదు. ప్రపంచమే దానికి సలాం కొట్టింది. మలేరియాకు ఇప్పుడు వాడుతున్న ఆర్టెమిసినిన్‌ మందు చైనాలో ఓ చెట్టు ఆకు నుంచి పుట్టింది. సుమారు 1600 ఏళ్ల నాటి వైద్యగ్రంథంలో ఆ ఆకును నీళ్లలో నానబెట్టి పిండుకుని తాగమని రాసి ఉంది. మరిగించమని కాదు! వేడికి మందు గుణం పోతోందని అక్కడే తట్టింది తు యూయూ అనే శాస్త్రవేత్తకు. 1972లో ఆమె బృందం మందును వేరుచేసింది. 2015లో ఆమెకు నోబెల్‌ బహుమతి వచ్చింది. అయితే అసలు సంగతి వినండి. మందు పుట్టింది ఆ ఆకులోనే అయినా, మలేరియాకు ఆ ఆకు కషాయం తాగవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కో ఆకులో మందు ఒక్కో పాళ్లలో ఉంటుంది. చాలీచాలని మోతాదు పడితే జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది.

గంగారం లాంటి ఏజెన్సీ ఊళ్లకు ఈ కథ మరీ ముఖ్యం. పండగ రోజుల్లో జ్వరం వస్తే 'తిరుగుడు ఎక్కువైంది, వాన తడిశాం' అని నేలవేము కషాయంతో మూడు నాలుగు రోజులు గడిపేస్తారు. అది ఫాల్సిపారం మలేరియా అయితే ఆ మూడు రోజుల్లోనే మెదడుకు పాకవచ్చు. జ్వరం వచ్చిన 24 గంటల్లో రక్తపరీక్ష జరగాలి. ఆశ కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి మీద చుక్క రక్తంతో నిమిషాల్లో తేలిపోతుంది. డెంగీ అనుమానం ఉంటే ఒళ్లునొప్పులకు ఆస్పిరిన్‌, ఇబుప్రొఫెన్‌ లాంటి మాత్రలు వేసుకోకూడదు, రక్తస్రావం కావచ్చు. పారాసెటమాల్‌, బాగా నీళ్లు. బొప్పాయి ఆకు రసం తాగుతున్నామని పరీక్షలు వాయిదా వేయొద్దు.

జాతరల తర్వాత కలుషిత నీటితో వచ్చే పచ్చకామెర్లదీ అదే తీరు. ఈ రకం కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. కానీ నిండు గర్భిణికి హెపటైటిస్‌-ఇ సోకితే తల్లీబిడ్డలిద్దరికీ ముప్పే. కళ్లు పచ్చబడ్డ గర్భిణిని పసరు మందుకు కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మహబూబాబాద్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దారి మునుపటంత దూరం కాదు.

కరోనా కాలంలో తిప్పతీగ కషాయం తాగని ఇల్లు లేదు. దాన్ని రోజుల తరబడి తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆ వాదనతో ఆయుష్‌ మంత్రిత్వ శాఖ విభేదించింది. ఆ వివాదం ఎలా ఉన్నా మనం నేర్చుకోవాల్సింది ఒకటే. ఏ ఆకైనా మందు అనుకున్నప్పుడు దానికి మోతాదు, గడువు రెండూ ఉండాలి. వైద్యం కావాలనుకుంటే అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుడినే అడగండి. వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉండనే ఉంది.

వంటింటి పండగ వైద్యం

* అజీర్తి, ఉబ్బరం: అరచెంచా వాము లేదా జీలకర్ర దోరగా వేయించి, గ్లాసు నీళ్లలో మరిగించి గోరువెచ్చగా తాగాలి. రోజుకు రెండుసార్లు చాలు.
* వికారం: చిన్న అల్లం ముక్క నీళ్లలో మరిగించి, నిమ్మరసం పిండుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఎక్కువ తీసుకోవద్దు.
* దావత్‌ మర్నాడు: పల్చటి మజ్జిగలో జీలకర్ర పొడి, కరివేపాకు, చిటికెడు ఉప్పు. బీపీ ఉంటే ఉప్పు వద్దు.
* జలుబు, దగ్గు: మిరియాల చారు, తులసి నీళ్లు. రాత్రి చెంచా తేనె. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకూడదు.
* గొంతు నొప్పి: గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలింత, రోజుకు మూడు నాలుగుసార్లు.

వీటికి వంటిల్లు సరిపోదు

* 24 గంటలు దాటిన జ్వరం, చలితో వణుకు, మత్తుగా పడి ఉండటం.
* ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం.
* విరేచనాలతో పాటు మూత్రం రాకపోవడం, కళ్లు లోపలికి పోవడం, రక్తం పడటం.
* పాముకాటు, కల్తీ మద్యం తాగాక చూపు మసకబారడం.
* గర్భిణికి ఏ చిన్న తేడా కనిపించినా.

వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్‌ చేయండి. అంబులెన్సు వచ్చేలోగా కషాయం కాచే పని పెట్టుకోవద్దు.

ఇదంతా చదివి పండగ వంటలు మానేయాలేమో అనుకునేరు! అక్కర్లేదు. ఆవిరి కుడుము, తుమ్మికూర, అలిగిన రోజు, వేసే అడుగులు, నమిలే ఉసిరి... ఇవీ పండగలో భాగమే. వాటిని కూడా గారెలంత ఇష్టంగా చేసుకుంటే చాలు. ఈ అయిదు నెలలూ ఇంటిల్లిపాదీ హాయిగా తిని, తిరిగి, ఆడి... మళ్లీ ఏటికి పెత్రమాస నాడు పూలు కోయడానికి అందరూ కలిసి వెళ్లొచ్చు.